డిక్కీలో చోటు

పద్నాలుగు నెలలుగా వాసుదేవన్ కారులో పాట మోగలేదు. హొగెనకల్ నుంచి తిరిగి వస్తున్న రోజు, పాటల మోతలో వెనక లారీ కొట్టిన హారన్ తనకు వినపడలేదని, లారీ పక్కకు వచ్చేసరికి బెదిరి స్టీరింగ్‌ను ఎడమకు కోసేశానని, కారు కల్వర్టు గోడకు గుద్దుకుందని అతను ఆస్పత్రిలో అందరికీ చెప్పాడు. అతని మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. పక్క సీట్లో నిద్రపోతున్న సుగన్యకు నడుము కిందంతా స్పర్శ పోయింది. తలకు తగిలిన దెబ్బతో ఆ రోజు పొద్దున లేచిన దగ్గరి నుంచి జరిగినదేదీ ఆమెకు గుర్తు లేకుండా పోయింది. భర్త చెప్పిందే ఆమెకు తెలిసిన కథ.

ఆ కథను ఆమె ఎప్పుడో క్షమించేసింది. క్షమించానని వందసార్లు చెప్పింది కూడా. ఆ మాట వాసుదేవన్‌ను తాకినట్టే లేదు. పక్కింటి టీవీలో పాట వస్తే లేచి పోయి కిటికీ మూసేవాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతూ కలుపుతూ అలాగే వదిలేసేవాడు. ఏడేళ్ళ షర్మిళ కారులో పాట పెట్టమని అడిగితే, "నాయన కారులో పాట లేదమ్మా, ఇంక ఉండదు" అనేవాడు. పాటల పిచ్చితో పెళ్ళయిన కొత్తలో కారు డిక్కీ అంతా పట్టేంత పెద్ద సబ్‌వూఫర్ బాక్స్ పెట్టించుకున్న మనిషి అతను. ఆక్సిడెంట్ తరువాత దాన్ని పీకి పారేశానన్నాడు.

వచ్చే శుక్రవారం పెళ్ళిరోజు. ఆ రోజుకు కారులో మళ్ళీ బాక్స్ ఉండాలని, చెప్పకుండా పెట్టించి తనే మొదటి పాట మోగించాలని సుగన్య నిశ్చయించుకుంది. మాటతో కానిది దీనితోనైనా అవుతుందని ఆమె ఆశ. వాసుదేవన్ సరుకు పనిమీద కారిమంగళం సంతకు పోయిన రోజు చూసుకుని, రోజు కూలికి కారు నడిపే ఆక్టింగ్ డ్రైవర్ అన్బళగన్‌ను పిలిపించి, బైపాస్ పక్కనున్న శరవణన్ షెడ్డుకు కారులో వచ్చింది. అన్బళగన్ ఆమెను కుర్చీలోకి దించి, వేరే పని ఉందని వెళ్ళిపోయాడు.

శరవణన్ కంబైనల్లూరు మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. పాత బాక్స్ కట్టింది కూడా అతనే. చక్రాల కుర్చీలో ఆమెను చూడగానే చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

"ఆక్సిడెంట్ అయిందని విన్నాను గానీ అక్కా... ఇట్లని తెలియదు."

"ఇట్లే అయింది తమ్ముడూ. దానికి నువ్వేమి చేస్తావు. ఈ కారులో బాక్స్ పెట్టియ్యి, అది చాలు."

అతను డిక్కీ ఎత్తి చూశాడు. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాన్ ఆమె వైపు తిప్పి, చక్రాల కుర్చీని మడిచి తెచ్చి లోపల పడుకోబెట్టాడు, నిలబెట్టాడు, అడ్డంగా పెట్టాడు. పాదాలు ఆనించుకునే రెండు పలకలూ ఊడదీసి మళ్ళీ పెట్టి చూశాడు. టేపు లాగి అడుగున కొలిచాడు, పైన కొలిచాడు, సీటు వీపు వాలు ఎంతుందో చేత్తో తడిమి చూశాడు.

"దాచకుండా చెప్తాను అక్కా. మునుపటి మాదిరి పన్నెండు ఇంచీలది కావాలంటే కుర్చీని ఇంట్లో పెట్టి రావాల. కుర్చీ కావాలంటే దాన్ని మరిచిపోవాల. రెండూ ఈ డిక్కీలో పట్టేది లేదు."

"కుర్చీ లేకుండా నేనెక్కడికి పోయేది? రెండూ పట్టేటట్టు చూడు."

"స్టెప్నీ టైర్ తీసేస్తే ఆ గుంతలో ఒకటి దించొచ్చు. చాలామంది అట్ల చేస్తారు."

"వద్దు. దారిలో టైర్ పోతే అందరూ దిగి నడిచిపోతారు. నేను?"

శరవణన్ నాలుక కరుచుకున్నాడు. ముందు సీటు కింద పెట్టే సన్నటి రకం ఒకటుంది, దాంట్లోనే ఆంప్లిఫయర్ కూడా ఉంటుంది అని మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేశాడు. సుగన్య కూర్చునే సీటు బయటికి తిరిగేటట్టు కింద ఇనుప ప్లేటు వేయించారు. అక్కడ అరచెయ్యి కూడా దూరలేదు. డ్రైవర్ సీటు కింద దూరుతుంది కానీ, దాంతో శబ్దం వస్తుంది తప్ప ఛాతీకి తగిలే దెబ్బ రాదని అతనే పెదవి విరిచాడు.

"బావకు ఆ దెబ్బే ఇష్టం" అంది సుగన్య.

"తెలుసక్కా. అన్న చెవి నాకు తెలుసు." అతను ఒక ప్లైవుడ్ ముక్క తీసుకుని దాని మీద పెన్సిలుతో గీశాడు. "కుర్చీ మడిస్తే పన్నెండు ఇంచీలు. డిక్కీ అడుగున ఇరవై ఒకటి. మిగిలేది తొమ్మిది. పైకి పోయేకొద్దీ సీటు వెనక్కి వాలుతుంది కాబట్టి అక్కడ ఇంకా తక్కువ. అడుగున ఎనిమిది, పైన ఐదు, సీటు వీపుకు ఆనుకుని గోడ మాదిరి నిలబడే బాక్స్ చేస్తాను. లోపల ఇరవై లీటర్ల గాలి పడుతుంది. లోతు తక్కువుండే పది ఇంచీల సబ్‌వూఫర్‌కు అది సరిపోతుంది."

"మునుపటిదానికి ఒక గొట్టం ఉండింది కదా, గాలి వచ్చేది?"

"గొట్టం పెడితే బాక్స్ పెద్దది కావాల. మనకు చోటు లేదు. పూర్తిగా మూసేస్తే చిన్నదాంట్లోనే పని జరుగుతుంది. మోత కొంచెం తగ్గుతుంది. తవిల్ డోలు దెబ్బ మాత్రం కత్తితో కోసినట్టు పడుతుంది. పాట తెలిసినవాళ్ళకు ఇదే బాగుంటుంది అక్కా, నిజంగా."

ఆమె నవ్వింది. చాలా రోజులకు ఎవరో తనతో కాళ్ళ గురించి కాకుండా వేరే ఒక వస్తువు గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుతున్నారు. బాక్స్ కుర్చీకి రాసుకోకుండా అంచుకు రబ్బరు వెయ్యమంది. కుర్చీ తీసేవాళ్ళ వేళ్ళు స్పీకర్‌కు తగలకుండా ముందు జాలీ కావాలంది. అతను అన్నింటికీ తలూపి ఆ ముక్క మీదే రాసుకున్నాడు.

"విని చూడక్కా, తరువాత చెప్పు" అని ఆమెను కారు ముందు సీట్లోకి ఎక్కించి, షాపులో నమూనాకు పెట్టుకున్న, సొంత ఆంప్లిఫయర్ ఉన్న చిన్న బాక్స్ వెనక సీట్లో పెట్టి తీగలు కలిపాడు. తవిల్ రికార్డు ఒకటి పెట్టి తలుపులు మూశాడు.

మొదటి దెబ్బ సుగన్య వీపులో దిగింది. భుజాల వెనక, పక్కటెముకల్లో, గుండెలో మోగింది. కిందికి దిగుతూ నడుము దగ్గరికి వచ్చి అక్కడ ఆగిపోయింది. అక్కడి నుంచి కిందికి ఏమీ లేదు. ఎవరో గీత గీసినట్టు ఆగింది. ఆమె రెండు చేతులూ తొడల మీద పెట్టుకుంది. అరచేతులకు తెలుస్తోంది తొడలు అదురుతున్నాయని. తొడలకు తెలియడం లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ ఆమె శరవణన్‌ను ఆపమనలేదు. రికార్డు అయ్యేదాకా వింది.

తలుపు తెరిచి అతను ఆత్రంగా చూశాడు. "ఎట్ల ఉంది?"

"బాగుంది. పాతదానికంటే తక్కువా, ఎక్కువా? బావకు తక్కువనిపిస్తే..."

"అదెంతసేపు అక్కా. పాతది పక్కన పెట్టి వాయిస్తే తేడా నీకే తెలిసిపోతుంది. కాయిల్ కూడా మార్చేసి పెట్టినాను."

"ఏ పాతది?"

"అన్నదే."

"దాన్ని బావ పీకి పారేసినాడు కదా."

"ఎవరు పారేసింది? ఇక్కడే ఉంది." శరవణన్ షెడ్డు మూలకు పోయి, మీద కప్పిన గోనెపట్టా తీసి, నల్ల తివాచీగుడ్డ అంటించిన పెద్ద బాక్స్‌ను నేల మీద లాక్కుంటూ తెచ్చాడు. సుగన్య దాన్ని వెంటనే గుర్తుపట్టింది. షర్మిళ రెండేళ్ళప్పుడు దాని మూలకు అంటించిన సీతాకోకచిలుక బొమ్మ సగం చిరిగి ఇంకా అంటుకునే ఉంది. హ్యాండిల్‌కు దారంతో అట్టముక్క కట్టి ఉంది. దాని మీద తమిళంలో వాసుదేవన్ పేరు, ఫోన్ నంబరు, కింద తేదీ.

ఆగస్టు పంతొమ్మిది.

ఆమె మరోసారి చదివింది. సంవత్సరం కూడా చూసింది. ఆక్సిడెంట్ అయింది ఆగస్టు ఇరవై ఒకటి. ఆ తేదీని మరిచిపోవడానికి ఆమెకు దారి లేదు, ప్రతి ఆస్పత్రి కాగితం మీదా అదే మొదటి వరుస.

"ఇది పంతొమ్మిదో తేదీ ఇచ్చిపోయింది. మళ్ళీ ఎప్పుడు తీసుకుపోయినాడు?"

"తీసుకుపోనే లేదక్కా. కాయిల్ కాలిపోయింది, మద్రాసు నుంచి రావాల, పది రోజులవుతుందన్నాను. అంతలోనే ఆక్సిడెంట్ అని విన్నాను. తరువాత మూడుసార్లు ఫోన్ చేసినాను. అక్కడే ఉండనియ్, ఇంక ఫోన్ చేయొద్దు అన్నాడు అన్న. కష్టంలో ఉన్నాడులే అని నేనూ విడిచిపెట్టేసినాను."

సుగన్య మనసు ఆ అబద్ధాన్ని ఎలాగైనా నిలబెట్టాలని చూసింది. "బాక్స్ లేకపోతేనేం తమ్ముడూ, డోర్లలో స్పీకర్లుంటాయి కదా. వాటినే గట్టిగా పెట్టుకుని ఉంటాడు."

"అవన్నీ ఆంప్‌కే కలిపి ఉండేది. అది కూడా ఇదో" అంటూ అతను అరమీద నుంచి ఇనుప రేకు మాదిరి ఉన్న ఆంప్లిఫయర్‌ను దించి చూపించాడు. "ఇది లేకుంటే ఆ కారు మూగదే అక్కా. పాటే రాదు."

"కండిప్పా? ఖాయంగానా?"

"కండిప్పా." అతను ఆమె ముఖం చూసి భయపడ్డాడు. "ఏమైందక్కా? నేనేమైనా తప్పు మాట్లాడినానా?"

ఆమె జవాబు చెప్పేలోగా షెడ్డు ముందు ఎవరిదో బైక్ ఆగింది. వెనక నుంచి వాసుదేవన్ దిగాడు. చొక్కా చెమటకు వీపున అంటుకుపోయి ఉంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అతని తల్లి పరమేశ్వరి చెప్పినట్టుంది, కారు శరవణన్ దగ్గరికి పోయిందని. సంత సగంలో వదిలేసి వచ్చాడు.

"ఇక్కడికెందుకు వచ్చినావు సుగూ? ఎవరు రమ్మన్నారు నిన్ను?"

అరుస్తున్నట్టే అన్నాడు. తరువాత అతని చూపు నేల మీదికి దిగింది. నల్ల బాక్స్, సీతాకోకచిలుక, అట్టముక్క. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

వాసుదేవన్ సుగన్యకు మేనత్త కొడుకు. పుట్టినప్పటి నుంచి బావా అని పిలిచింది. తొమ్మిదేళ్ళుగా అతనితో కాపురం చేస్తోంది. ఆ ముఖం మీద కోపం చూసింది, ఏడుపు చూసింది. ఇంత భయం ఎప్పుడూ చూడలేదు.

పరాయివాడి ముందు ఒక్క మాట కూడా అనకూడదనుకుంది. "పోదాం బావా" అంది. "పని తరువాత చేయిద్దాంలే తమ్ముడూ."

వాసుదేవన్ కుర్చీని డిక్కీలో పెట్టాడు. ఆమె సీటు బెల్టు బిగించడానికి వంగినప్పుడు అతని గుండె పరిగెత్తడం ఆమె చెవికి దగ్గరగా వినిపించింది. శరవణన్ నమూనా బాక్స్‌ను వెనక సీట్లో నుంచి తీసుకుని, ఏమీ అర్థంకాక పక్కకు తప్పుకున్నాడు.

కారు సర్వీసు రోడ్డు ఎక్కింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పొడవాటి గోడ వచ్చింది.

"ఇక్కడ ఆపు బావా."

"ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"ఆపు."

అతను గోడ పక్కన ఆపాడు. ఇంజన్ ఆగలేదు. స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

"ఆ రోజు ఈ కారులో పాట మోగిందా?"

అతను అద్దంలోంచి ముందు రోడ్డునే చూస్తున్నాడు.

"నా కాళ్ళు పోయినాయి, దానికి నేను నిన్ను ఒక్క మాట అన్నానా? అనలేదు. పాటలు ఇష్టం, గట్టిగా పెట్టుకున్నాడు, పాపం వినపడలేదు అనుకున్నాను. పద్నాలుగు నెలలు నేను నిన్నే ఓదార్చినాను బావా. రాత్రి నువ్వు ఏడిస్తే నేను తల నిమిరినాను. నేను ఏడవాల్సిన దినాల్లో కూడా నిన్నే చూసుకున్నాను. దేనికి ఓదార్చినానో ఇప్పుడు చెప్పు. హారన్ ఎందుకు వినపడలేదు? ఫోన్ మాట్లాడినావా? తాగినావా?"

"లేదు."

"నిద్రపోయినావా?"

"లేదు సుగూ."

"మరి ఆ లారీవాడు హారన్ కొట్టినప్పుడు..."

"లారీ లేదు."

అతను చాలా మెల్లగా అన్నాడు. ఆమె అతని వైపు తిరిగింది.

"లారీయే లేదు. రోడ్డు ఖాళీగా ఉండింది. నాకు... నాకు ఫిట్స్ వస్తాయి సుగూ."

పక్కనుంచి సిమెంటు మూటల ట్రాక్టర్ ఒకటి గడగడలాడుతూ పోయింది. అది దూరమయ్యేదాకా అతను ఆగాడు.

"పదిహేడేళ్ళప్పుడు హోసూరులో మొదలైంది. మాత్రలు వేసుకుంటే రాదు. మన పెళ్ళికి రెండేళ్ళ ముందునుంచే రాలేదు. పెళ్ళయినాక కూడా రాలేదు. గ్యాస్ మాత్ర అని నీకు చెప్పేవాణ్ణి కదా, రాత్రి వేసుకునేది, అదే. ఏళ్ళ తరబడి రాకపోయేసరికి బాగైపోయిందనుకున్నాను. వేసుకుంటే పొద్దున మత్తుగా ఉండేది, అంగడిలో నిద్ర వచ్చేది. నేనే మానేసినాను. మానేసి నెల కూడా కాలేదు, హొగెనకల్ పోయినాం. వచ్చేటప్పుడు ఎండ చెట్ల సందుల్లో నుంచి కంట్లో పడుతూ ఉండింది. అంతవరకే గుర్తుంది నాకు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి నువ్వు..."

నుదురు స్టీరింగ్‌కు ఆనించాడు. "నువ్వు అరవడం లేదు. ఏమీ అనడం లేదు. చచ్చిపోయినావనుకున్నాను."

సుగన్యకు తనలో ఏం జరుగుతున్నదో తెలియలేదు. అతని మీద చెయ్యి వెయ్యాలనిపించింది, అలవాటు. చెయ్యి కొంచెం లేచింది కూడా. అదే క్షణంలో ఆ చెయ్యి అతని చొక్కా పట్టుకుని గుంజాలని కూడా అనుకుంది. రెండూ చెయ్యలేక ఒళ్ళో పెట్టుకుంది.

"ఆస్పత్రిలో చెప్పి ఉండొచ్చు కదా."

"చెప్తే నీ మొగం ఎట్ల చూసేది? జబ్బు దాచిపెట్టి నిన్ను చేసుకున్నాను, మాత్ర మానేసి నిన్ను కుర్చీలో కూర్చోబెట్టినాను అని చెప్పేదా? పోలీసాయన ఎట్ల జరిగిందని అడిగినాడు. నోటికి పాట అని వచ్చింది. పాట అంటే అందరూ అయ్యో అన్నారు. నువ్వు కూడా అయ్యో అన్నావు. అది వదిలిపెట్టడానికి నాకు ధైర్యం రాలేదు."

"ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నాను. ఒక్క పూట తప్పకుండా."

"ఆ తరువాత రాలేదు కదా?"

అతను తల ఎత్తలేదు. సుగన్యకు ఒక్కసారిగా పోయిన గురువారం కళ్ళముందుకు వచ్చింది. బడి నుంచి వచ్చి షర్మిళ దోసె తింటూ, నవ్వుతూ చెప్పింది. అమ్మా, నాయన సిగ్నల్‌లో కండ్లు తెరుచుకునే నిద్రపోయినాడు తెలుసా, వెనకవాళ్ళందరూ పాం పాం అని కొట్టినారు, నేను నాయనా నాయనా అని భుజం పట్టి ఊపినాను. తను కూడా నవ్వింది. అలిసిపోయినాడులే అంది.

"గురువారం" అంది ఆమె. "పాప వెనక సీట్లో ఉన్నప్పుడు."

"ఒక నిమిషం కూడా లేదు సుగూ. ఆగి ఉన్నాం. బండి కదల్లేదు."

"కదిలి ఉంటే?"

"డాక్టర్ దగ్గరికి పోయినాను. డోసు పెంచినాడు. బండి నడపకూడదన్నాడు. నేను నడపకపోతే నిన్ను ఫిజియోకు ఎవరు తీసుకుపోతారు? పాపను ఎవరు దించుతారు? ఎందుకు నడపడం లేదని నువ్వడిగితే ఏమి చెప్పాల?"

సుగన్య ముందుకు వంగింది. నడుములో బలం లేని శరీరం ఒరిగి డాష్‌బోర్డుకు భుజం కొట్టుకుంది. అతను పట్టుకోబోయాడు. "తాకొద్దు" అంది. ఒక చేత్తో ఆనుకుని రెండో చెయ్యి చాచి తాళంచెవి తిప్పి లాగేసింది. ఇంజన్ ఆగిపోయింది. తాళంచెవిని పిడికిట్లో బిగించుకుని వెనక్కి వాలింది.

టైమ్ రెండున్నర దాటింది. మూడూ నలభైకి షర్మిళ బడి గేటు దగ్గర కారు కోసం నిలబడుతుంది. ఈ కారును ముందుకు తీసుకుపోవడం సుగన్యకు చేతకాదు. చేతనయిన మనిషి ఇంక తాకకూడదు. ఎండకు కారు లోపల వేడెక్కుతోంది. గోడ అవతల నుంచి పుల్లటి మామిడి వాసన వస్తోంది. ఎవరిని పిలవాలి? అత్తను పిలిచి లాభం లేదు. ఇంత కాలం కొడుకు మాత్రల సంగతి ఆ తల్లికి తెలియకుండా ఉండదు. చిన్నప్పటి నుంచి ఏ ఆపద వచ్చినా నోటికి వచ్చే పేరు ఒక్కటే. ఆస్పత్రిలో నలభై రోజులు ఆమె మంచం పక్కన నేల మీద పడుకున్న మనిషి. టౌన్‌లో అంగడి పెట్టుకున్న తన తండ్రి దేవరాజన్‌కు ఫోన్ చేసింది.

"నాయనా, ఫ్యాక్టరీ గోడ దగ్గర కారు ఆగిపోయింది. బావకు ఒళ్ళు బాగాలేదు. పాపను బడి నుంచి తీసుకురావడానికి అన్బళగన్‌ను పంపించు. నువ్వు ఇక్కడికి రా."

"ఇదో వస్తా" అన్నాడు ఆయన. ఏమైందని అడగలేదు.

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఆమె భర్తను చూసింది. ఏడ్చి ఏడ్చి అతని ముఖం ఉబ్బిపోయి ఉంది. ఆ క్షణంలో ఆమెకు అతని మీద జాలి కూడా కలిగింది. ఆ జాలి మీద ఆమెకే అసహ్యం వేసింది.

"అత్తకు తెలుసు కదా?"

"అమ్మకు తెలుసు."

"ఇంకెవరికి?"

వాసుదేవన్ కిటికీ అద్దం వైపు తల తిప్పుకున్నాడు.

"నిన్నే అడిగేది. ఇంకెవరికి తెలుసు? మన పెళ్ళికి ముందు ఇది ఎవరెవరికి తెలుసు?"

"సుగూ, అది మాత్రం నన్ను అడగొద్దు. నీకు దండం పెడతాను." నిజంగానే రెండు చేతులూ జోడించాడు. ఇంత సేపు తన తప్పులన్నీ ఒప్పుకున్న మనిషి ఇక్కడ ఎందుకు ఆగిపోయాడో ఆమెకు అంతుపట్టలేదు. కాపాడుకోవడానికి అతనికి ఇంక ఏం మిగిలింది?

ఆమె మళ్ళీ మళ్ళీ అడిగింది. బతిమాలింది. చివరికి పాప మీద ఒట్టు వేయమంది. అతను జోడించిన చేతుల్లో ముఖం దాచుకున్నాడు తప్ప ఒక్క పేరు చెప్పలేదు.

పావుగంటకు ఆటో ఒకటి రోడ్డు అవతల ఆగింది. దేవరాజన్ దిగాడు. తెల్ల చొక్కా, పైకి ఎగగట్టిన పంచె. అరవై దాటిన మనిషి, లారీల మధ్య నుంచి దాదాపు పరిగెత్తుతూ రోడ్డు దాటాడు. ఆయన్ను చూడగానే సుగన్యకు అంతసేపు ఆపుకున్న ఏడుపు గొంతు దాకా వచ్చింది. తన వైపు తలుపు తెరుస్తాడని, తల మీద చెయ్యి వేస్తాడని ఎదురుచూసింది.

ఆయన ఆమె వైపు రాలేదు. నేరుగా డ్రైవర్ కిటికీ దగ్గరికి పోయి వంగాడు. చెయ్యి లోపలికి పెట్టి వాసుదేవన్ గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పాడు. బొటనవేలితో కింది పెదవిని లాగి లోపల చూశాడు. ఆ చేతుల్లో తడబాటు లేదు. ఎన్నోసార్లు చేసిన పనిని మళ్ళీ చేస్తున్న చేతులవి.

"నాలిక కొరుక్కోలేదు కదా?" అన్నాడు గొంతు తగ్గించి. "మళ్ళీ వచ్చిందా వాసూ?"

వాసుదేవన్ కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు దేవరాజన్ తల ఎత్తాడు. అవతలి సీట్లో కూతురు తననే చూస్తూ ఉంది. పిడికిట్లో బిగించిన తాళంచెవి అంచు దిగి ఆమె అరచేతిలో నెత్తురు కనబడుతోంది. అల్లుడి గడ్డం పట్టుకున్న ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ అంటే" అంది సుగన్య, "ఎన్నోసారి నాయనా?"